పిల్లలకోడి చుక్కల ఫొటో

ఆ కెమెరా నా చేతికి రాకపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. బీదర్‌లో ఫొటోలు తీసే ఒక పెద్దమనిషి, లెన్సు వెనకాల తోలు తిత్తి చినిగి మూలన పడ్డ దాన్ని "ఇది ఇగ నడవది, నువ్వే ఉంచుకో" అని ఇచ్చేశాడు. నారాయణఖేడ్‌లో గడియారాలు విప్పి బిగించేవాణ్ణి నేను. చెడిపోయిన వస్తువు కనబడితే నా చేతులు ఊరుకోవు.

తిత్తికి నల్లబట్ట అతికించాక నాకొక పిచ్చి పట్టింది. పిల్లలకోడి చుక్కల్ని, అదే కృత్తికల్ని, ఫొటో తీయాలి. మన కంటికి ఆరో ఏడో కనబడతాయి. గంటసేపు రెప్ప వేయకుండా చూస్తే కెమెరాకు ఇంకెన్ని కనబడతాయో తేల్చుకోవాలి.

మీట వదలగానే షట్టర్ మూసుకునేది. చిన్న ఇత్తడి మరమేకు పెట్టి, బిగిస్తే తెరుచుకునే ఉండేలా చేశాను. ఫిల్ము ఉండే చోట నూనె రాసిన కాగితం పరిచి, దాని మీద పడే చుక్క సూదిమొనంత అయ్యేదాకా లెన్సు జరిపి, అక్కడే లక్క పోసి కదలకుండా చేశాను. ఇక చుక్కలు ఒకచోట ఆగవు కదా, వాటితోపాటు కెమెరా తిరగాలి. రెండు టేకు పలకలకు ఒక పక్క బందు వేసి, దాన్ని ధ్రువనక్షత్రం వైపు తిప్పి, రెండో పక్క పొడవాటి మర దించాను. జేబు గడియారం చూస్తూ నిమిషానికింత చొప్పున మర తిప్పితే పై పలక, దాని మీది కెమెరా ఆకాశంతోపాటు జరుగుతాయి. అమ్మ చూసి "గీ పలకలతోని ఏం జేస్తవ్ రా, పాడె గడుతున్నవా" అని తిట్టింది. నేను చెవిన పెట్టలేదు.

అవి మంచి రోజులు కావు. నైజాం పాలన చివరికొచ్చింది. పొద్దుగూకితే ఊళ్లో తలుపులు మూతపడేవి. తుపాకుల మూకలు పల్లెల మీద పడుతున్నాయని రోజూ ఎవరో ఒకరు చెప్పేవారు. మా అక్కను ఇచ్చిన పల్లె కంగ్టి తోవలో, కోసు దూరంలో గట్టు మీద ఉంది. మా మిద్దె ఎక్కితే కనబడుతుంది. అక్కకు పెళ్లయిన ఏడేళ్లకు కడుపు నిలిచింది. ఏడో నెల నడుస్తోంది.

ఒకరోజు బావ వచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

"బామ్మర్దీ, ఖేడ్‌ల ఏమన్న గడ్‌బడ్ అయితే ముందుగాల నీకే తెలుస్తది. మిద్దె మీద కందిలి ఎత్తి చూపియ్యి. ఊరంత చేన్లకు పోతం. నీ మిద్దెను సూడనీకె రాత్రంత ఒక మనిషిని కూసోబెడుతున్నం."

"సరే బావా."

"మర్చిపోకు. మీ అక్క ఉరకలేదు. జల్దీ తెల్వాలె."

మాటిచ్చాను.

చలికాలంలో ఒక చీకటి రాత్రి కెమెరా మిద్దె మీదికి చేర్చాను. ఇచ్చిన మాట గుర్తు లేదా అంటే, ఉంది. కందిలికి బట్ట చుట్టి పిట్టగోడ చాటున కింద పెట్టింది అందుకే. అరగంట మర తిప్పాక లెన్సు మీద మంచు పట్టిందేమోనని అనుమానం వచ్చింది. షట్టర్ మూశాను. బట్ట తీసేసి కందిలి పైకెత్తి, భుజం ఎత్తున ఉన్న ఆ అద్దం ముందు పట్టుకున్నాను. మంచు ఉంది. పంచె చెంగుతో తుడిచి, మళ్లీ ఎత్తి చూశాను. ఆ కాసేపు నా బుద్ధి గడ్డి తిన్నది, అంతకన్నా ఏం చెప్పను. కందిలి దించి, ఆగిన నిమిషాలకు సరిపడా మర తిప్పి షట్టర్ తెరిచాను. కాసేపటికి అక్క ఊరి దిక్కున కుక్కలు మొరగడం మొదలుపెట్టాయి. చాలాసేపు మొరిగాయి. నేను గడియారం చూసుకుంటూ మర తిప్పుతూనే ఉన్నాను.

తెల్లారి బావ వచ్చాడు. పంచె నిండా మట్టి. గడప మీద కూలబడ్డాడు.

"జొన్నచేన్లనే కాన్పయింది. మగపిల్లగాడు. సలికి ఆగలేదు."

బావ నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నీ దీపం సూడకుంటే ఊరంత సచ్చేటోళ్లం బామ్మర్దీ. ఎటు పోయిండ్రు ఆళ్లు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "వేరే తొవ్వ పట్టిండ్రు బావా" అన్నాను. ఆ రోజుల్లో అలాంటి మాటను ఎవరూ అనుమానించేవారు కాదు.

ఆ సాయంత్రమే ఫిల్ము కడిగాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, కానీ కడిగాను. లెక్కకు అందనన్ని చుక్కలు, ఒక్కటీ చెదరలేదు. అంత మంచి ఫొటో నేను మళ్లీ తీయలేదు. తీయాలని కూడా అనిపించలేదు.

ఆ పల్లె నన్ను నెత్తిన పెట్టుకుంది. కంది కోతలయ్యాక, ఊరిని కాపాడినవాడికని ఒక బస్తా కందులు బండి మీద పంపారు. అక్కే కూర్చుని చెరిగి పంపిందని బండి తోలినతను చెప్పాడు.

ఫొటో తీసిన రాత్రి నేను కెమెరా మోసుకుని మిద్దె ఎక్కడం అమ్మ చూసింది. ఖేడ్‌లో ఏ గొడవా జరగలేదని ఆమెకూ తెలుసు. అన్ని రోజులూ ఒక్క మాట అడగలేదు. ఆ కందుల్ని తిరగలిలో విసిరి, పప్పు వండి, పళ్లెం నా ముందు పెట్టింది.

"తిను" అంది. "గీ మాట మీ అక్క చెవుల పడొద్దు. పడితే అది బతకది."

అమ్మ ఎదురుగా కూర్చుని చూస్తుంటే, పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నాను.