తెల్లారగట్ల ఇచ్చిన నెత్తురు

తలశ్శేరిలో పెళ్లంటే ముట్టమాల మిఠాయి ఉండాలి, ముట్టమాలంటే బీఫాత్తు ఉండాలి. మరిగే పాకంలోకి గుడ్డు సొనను సన్నటి దారాల్లా పోసే ఆ పనికి చేయి వణకకూడదు, కాళ్లు నిలబడాలి. చేయి బాగానే ఉంది, మోకాళ్లే పోయాయి. ఆపరేషన్ కాకపోతే పొయ్యి దగ్గర ఇక నిలబడలేదు.

మనిషి లావు. ఒకే పళ్లెం చుట్టూ అయిదుగురు కూర్చుని తినే ఇళ్లలో ఆమె కూర్చుంటే నలుగురే పడతారు. “ఇత్తా వచ్చింది, ఒకళ్లు లేవండే” అని, అక్కను ఇత్తా అని పిలిచే మరదళ్లు నవ్వితే తనూ నవ్వేది. నవ్వేవాళ్లకు నొప్పి ఉండదని లోకం ఎందుకు నమ్ముతుందో నాకు అర్థం కాదు.

ఆసుపత్రిలో నెత్తురు తీసేముందు బరువు చూసే యంత్రం వరండాలో, వరసలో నిలబడ్డవాళ్ల ఎదురుగానే ఉంటుంది. నర్సు లిల్లీకుట్టి అంకె చదివితే లోపల రాసుకుంటారు. అందుకే బీఫాత్తు ముందుగా బతిమాలుకుని, తెల్లారగట్లే వెళ్లి ఆపరేషన్ ముందు పరీక్షకు నెత్తురు ఇచ్చి వచ్చింది. లావుపాటి వాళ్లలో చాలామంది అలాగే వస్తారు. లిల్లీకుట్టి జాలిగుండె మనిషి, కాదనలేదు.

ప్లేట్‌లెట్లు ఉబ్బి ఉన్నాయని రిపోర్టు వచ్చింది. నెత్తురు గడ్డకడుతుందేమోనని ఆపరేషన్ ఆపేశారు. పాకం రుచి చూసీ చూసీ నెత్తురు కూడా లావెక్కిందని మరదళ్లు తేల్చారు. బీఫాత్తు అదే నమ్మింది.

ల్యాబు డాక్టరుకు మాత్రం అనుమానం వచ్చి ఆమెను పిలిపించాడు.

“నెత్తురు ఎప్పుడిచ్చారు ఇత్తా?”

“ఎవరూ రాకముందే.”

“అంత పొద్దున్నే ఎందుకు?”

లిల్లీకుట్టి తల దించుకుంది. బీఫాత్తు తట్టం ముసుగు సర్దుకుంది. “నా బరువు నలుగురి చెవినా పడుతుందని.”

నెత్తురు పరీక్ష చేసే మనిషి తీరిగ్గా వస్తాడు. అప్పటిదాకా నెత్తురు గడ్డకట్టకుండా గొట్టంలో వేసిన మందులో నాని ప్లేట్‌లెట్లు ఉబ్బుతాయి. ఆలస్యంగా వచ్చే సన్నవాళ్ల నెత్తురు నేరుగా యంత్రంలోకి పోతుంది. ఒంటి లావు వల్ల తేడా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఈ అంకెలో ఒంటిది ఎంతో, గొట్టానిది ఎంతో మాత్రం ఎవరూ చెప్పలేరని డాక్టరు అన్నాడు. పరీక్ష మనిషి వచ్చాక మళ్లీ ఇవ్వమన్నాడు.

ఇచ్చింది. వరండా నిండా జనం. లిల్లీకుట్టి అంకెను గొణిగింది. వినబడలేదని లోపలినుంచి కేక. మళ్లీ గొణిగింది. చివరికి బీఫాత్తే చెప్పింది: “నూట పద్నాలుగు.” వెనక ఎవరో ముక్కున వేలేసుకున్నారు. ఆమె తిరిగి చూడలేదు. నెత్తురు తీసుకోమని చెయ్యి చాపింది.

ఈసారి ప్లేట్‌లెట్ల అంకె మామూలుగానే వచ్చింది. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు.

ముందు అలా ఎందుకొచ్చిందని ఇంట్లో మరదళ్లు అడిగారు. యంత్రం చెడిపోయిందట, అంది బీఫాత్తు.