అధ్యక్షుల వారి బరువు ఆరు వందల కిలోలు

బాపట్లలో నిండు సభలో మైకు పట్టుకుని, నాకు ఇరవై ఏళ్లుగా కూడు పెట్టిన ఓనరు గారికి నూనె పోయించి, వచ్చిన అతిథులందరినీ నేలకు బోల్టులేసి బిగించిన ఘనురాలిని నేనే. సొంత డబ్బా అనుకోకండి. ఆ సభకు వచ్చినవాళ్లను ఎవరినైనా అడగండి. నా పేరు మరిచిపోయి ఉంటారు గానీ, నేను చదివినదాంట్లో ఒక్క ముక్క కూడా మరిచిపోయి ఉండరు.

అప్పటికి నాకు యాభై మూడేళ్లు. తెనాలిలో నందివెలుగు రోడ్డు మీద వైర్ల కంపెనీలో పని. ఇళ్లలో గోడల లోపల వేసే కరెంటు వైరును తొంభై మీటర్లు కొలిచి, చుట్టగా చుట్టి, కట్టి, కవరు తొడగాలి. ఆ పని జరిగే బల్ల దగ్గర మేం నలుగురం ఆడవాళ్లం. మాలో చిన్నది భట్టిప్రోలు నుంచి వచ్చే పద్మ. పదో తరగతి చదివింది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, పెద్ద కేబుళ్లు చుట్టే చెక్క డ్రమ్ము మీద సుద్దముక్కతో అక్షరాలు రాసి నాచేత దిద్దించింది. నా మొదటి 'అ' చూసి పక్కన కూర్చునే నాగమణి, "వదినా, అది అక్షరమా, చిక్కుపడ్డ వైరా?" అని అడిగింది. నాకూ అదే అనుమానం.

ఏడాది తిరిగేసరికి బస్సుల పేర్లు, కొట్ల బోర్డులు, గోడల మీద హెచ్చరికలు అన్నీ చదివేస్తున్నాను. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఇవన్నీ ఈ చివర మొదలై ఆ చివర ముగుస్తాయి. లైను మధ్యలో ఆగి కిందికి దిగాల్సిన రాతలు కూడా లోకంలో ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. పద్మను తప్పుపట్టను. డ్రమ్ము మీద అంత చోటెక్కడిది?

సరిగ్గా అప్పుడే మా ఓనరు సాంబశివరావు గారు వైర్లు, కేబుళ్లు తయారుచేసేవాళ్ల సంఘానికి అధ్యక్షులయ్యారు. ఆ సంఘం నెలకో చిన్న పత్రిక వేస్తుంది. ఎవరికి పదవి వచ్చింది, ఎవరు కొత్త షెడ్డు వేశారు, యంత్రాలమ్మేవాళ్లు ఈ నెల ఏం తెచ్చారు, ఇవీ అందులో వార్తలు. బాపట్లలో జరిగే సన్మాన సభలో ఆ పత్రికను నాచేత చదివించాలని ఆయనకు బుద్ధి పుట్టింది.

"యాభై దాటాక చదువు నేర్చుకున్న మనిషి మా దగ్గర ఉందంటే కంపెనీకెంత పేరు కోటమ్మా! చదివాక నీకేం కావాలో మైకులోనే అడుగు. అంతమంది ముందు కాదంటానా?" అన్నారు.

ఆ మాట వినగానే బల్ల చుట్టూ ప్రాణం లేచి వచ్చింది. ఎందుకంటే వారం ముందే ఎవరో ఒకాయన వచ్చి, సరిగ్గా మా బల్ల ఉన్నచోట టేపు పట్టి నేల కొలుచుకుని వెళ్లాడు. చుట్టలు చుట్టే యంత్రం వస్తుందని గుసగుసలు.

"పిన్నీ, చీర గీర అడిగావంటే ఊరుకోను," అంది పద్మ. "యంత్రం వచ్చినా మా నలుగుర్నీ తీసెయ్యొద్దండి అని అడుగు. అంతే."

"అడుగుతానే. ముందు మైకులో దణ్ణం పెట్టి..."

"దణ్ణం చేతుల్తో పెడతారు వదినా. మైకులో పెడితే వినపడదు," అంది నాగమణి.

పది రోజులు మొదటి పేజీ బట్టీ పట్టాను. అందులో శుభాకాంక్షలు ఉన్నాయి, పెద్ద అక్షరాలు, ఈ చివర నుంచి ఆ చివరకు.

సభ రోజున వేదిక మీద ఓనరు గారు మెడ కనపడనన్ని దండలతో కూర్చున్నారు. పక్కన పట్టుచీరలో ఆయన భార్య వరలక్ష్మి గారు. ఆ పక్కన కోటు వేసుకున్న యంత్రాలమ్మే ఆయన. నేను మైకు దగ్గరకు వెళ్తుంటే ఓనరు గారు చెవిలో అన్నారు: "మొదటి పేజీ ఎందుకమ్మా, మూడో పేజీ తియ్యి. నా ఫోటో ఉంది."

తీశాను. ఎడమవైపు ఆయన ఫోటో, కుడివైపు ఏదో యంత్రం ఫోటో. రెండింటి కిందా రాత. మధ్యలో సన్నగా ఒక గీత. అచ్చులో వెంట్రుక పడిందనుకున్నాను. గొంతు సవరించుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు, ఒక్క అక్షరం తప్పు పోకుండా చదివాను.

"మన సంఘానికి కొత్త అధ్యక్షులు, చుట్టలు చుట్టే కొత్త యంత్రం."

ముందు వరుసలో ఒకాయన దగ్గాడు.

"తెనాలి సాంబశివరావు గారు, బరువు ఆరు వందల కిలోలు. చిన్ననాటి నుంచి వీరికి, నూనె పోస్తుంటే చాలు, చప్పుడు చెయ్యదు."

హాలంతా నవ్వులతో హోరెత్తింది. నా చదువు చూసి ఆనందపడుతున్నారనుకున్నాను. తప్పా? గొంతు ఇంకాస్త పెంచాను.

"తోడుగా ఉన్న సతీమణి వరలక్ష్మి గారు, నలుగురు మనుషుల పని ఒంటిగా చేసిపెట్టును!"

"అది మాత్రం నిజమేనండి!" అన్నారు వరలక్ష్మి గారు కూర్చున్నచోటి నుంచే. ఇక చూడండి, చప్పట్లు! వెనక వరుసలో మా బల్లవాళ్లున్నారు. పద్మ రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. నాగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది.

"ఇంటికి వచ్చిన అతిథులను, మొదటి ఆర్డరు ఇచ్చిన అధ్యక్షుల వారి కంపెనీలో, ఎంతో ఆదరంగా, వచ్చే నెల బిగించెదము."

అతిథులు కుర్చీల మీంచి జారారు. అధ్యక్షుల వారు మాత్రం ఫోటోలో ఉన్నట్టే కదలకుండా ఉన్నారు.

"ఇక చాలు. దిగమ్మా," అన్నారు పళ్ల మధ్య నుంచి.

దిగాను. అడగాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది. యంత్రాలమ్మే ఆయన మెట్ల దగ్గర ఎదురొచ్చి, "మా యంత్రం గురించి ఇంత బాగా ఎవరూ చెప్పలేదమ్మా," అని నమస్కారం పెట్టాడు.

తిరుగు రైల్లో పద్మ ఆ కాగితం తీసుకుని, మధ్య గీత మీద గోరుతో గీసి చూపించింది. "ఇది దాటకూడదు పిన్నీ. ఇటు కిందిదాకా చదివి, అప్పుడు అటు పైకి పోవాలి." కాగితం మడిచి నా సంచిలో అన్నం డబ్బా కిందికి తోస్తూ అడిగింది: "అడగలేదు కదా?"

"ఎట్టా అడగనే, ఆయనకి నూనె పోశాక?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

నెల తిరగకుండానే బల్ల తీసేశారు. మమ్మల్నీ తీసేశారు. దణ్ణం పెట్టి వస్తుంటే ఓనరు గారు జాలిగా అన్నారు: "ఆ రోజు మైకులో అడిగుంటే కాదనేవాణ్ణి కాదు కోటమ్మా. నువ్వేమో అడగలేదు." నాగమణి నాతో మాట్లాడటం మానేసింది. నలుగురి నోటి దగ్గర కూడు నా నోరే తీసిందని నేనూ నమ్మాను.

కొన్నాళ్లకు సంచి దులుపుతుంటే, అన్నం డబ్బా అడుగున మడిచి పెట్టిన ఆ కాగితం బయటపడింది. ఎడమవైపు ఓనరు గారిని అరచేత్తో మూసేసి, కుడివైపు మాత్రం పైనుంచి కిందికి చదివాను.

చుట్టలు చుట్టే కొత్త యంత్రం. బరువు ఆరు వందల కిలోలు. నూనె పోస్తుంటే చాలు, చప్పుడు చెయ్యదు. నలుగురు మనుషుల పని ఒంటిగా చేసిపెట్టును. మొదటి ఆర్డరు ఇచ్చిన అధ్యక్షుల వారి కంపెనీలో వచ్చే నెల బిగించెదము.

అంటే సభకు ముందే ఆర్డరు ఇచ్చేశారు. అచ్చు కూడా వేశారు. పది రోజులు నా సంచిలోనే ఉంది. ఏం కావాలో అడుగు అన్నాయన చీర అడిగుంటే మాత్రం ఇచ్చేవారేమో.

వెంటనే బస్సెక్కి భట్టిప్రోలు వెళ్లాను. పద్మ ఇప్పుడు మినప చేలల్లో కూలికి పోతోంది. గట్టు మీద నిలబెట్టి చదివి వినిపించాను. నలుగురు మనుషుల దగ్గరకు వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు పిన్నీ. ఆ ముక్కకే కదా నేను ఈల వేసింది?"

అవును. మమ్మల్ని పనిలోంచి తీసేస్తున్నారన్న కబురు మైకులో గట్టిగా చదివింది నేను. ఈల వేసింది తను.

అందుకని, ప్రస్తుతం రేపల్లె బస్టాండు దగ్గర టిఫిన్ బండిలో ఇడ్లీలు పొట్లం కట్టే ఈ కోటమ్మ, చేతిలోని పాత పేపరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నది: ఇకమీదట మధ్య గీత దాటి చదవను. ఎంతటివారు చెవిలో చెప్పినా మొదటి పేజీ వదలను. ఎప్పుడైనా నా చదువుకు జనం చప్పట్లు కొడితే, అక్కడే ఆగి, ఆ లైనులో ఎవరి పని పోయిందో చూసుకుని గానీ ముందుకు పోను.