ఇరవై ఒకటో తేదీ ఫోల్డరు

మా తమ్ముడి పెద్ద కూతురి పెళ్లికి ముగ్గురు ఫోటోగ్రాఫర్లు వచ్చారు. ఒక పెళ్లికి ముగ్గురెందుకని నేను అప్పుడే అడిగాను. పెళ్లికొడుకు వాళ్లది ప్రొద్దుటూరు. వాళ్ల మనిషిని వాళ్లు తెచ్చుకున్నారు. మా తమ్ముడు పులివెందులలో ఉంటాడు; అక్కడ పేరున్న ఆయన్ని తను మాట్లాడుకున్నాడు. పెళ్లి జరిగింది జమ్మలమడుగులో. మా తమ్ముడి పెళ్లికి ఫోటోలు తీసిన పెద్దాయన ఆ ఊళ్లోనే ఉండగా ఆయన్ని పిలవకపోతే ఎట్లా అని పట్టుబట్టి మూడో ఆయన్ని పిలిపించింది నేను.

కాబట్టి తర్వాత జరిగినదంతా నా మెడకే చుట్టుకుంది.

పెళ్లయిన పదిహేనో రోజుకు తేలిందేమిటంటే, తాళి కట్టే ఫోటో లేదు. ప్రొద్దుటూరాయన తీసినవాటిలో తాళికీ కెమెరాకూ మధ్య వీడియో లైటు స్తంభం నిలబడి ఉంది. పులివెందుల ఆయనవాటిలో పెళ్లికొడుకు చేతులున్నాయి, పెళ్లికూతురి ముఖం ఉండాల్సిన చోట ఎవరిదో మోచెయ్యి ఉంది. ఎదురుగా నిలబడి తీసింది పెద్దాయన ఒక్కడే. ఆయన దగ్గర చూస్తే అసలు తాళి ఘట్టమే లేదు. తలంబ్రాలూ లేవు. పెళ్లికూతురిని బుట్టలో తెచ్చేదాకా ఉన్నాయి, ఆ పైన ఏమీ లేవు.

మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, నీ మాట విని ఆయప్పను పిలిస్తే ఇట్లయింది. చిన్నదాని పెండ్లి మాఘంలో ఉండాది. దానికి మాత్రం ఆయప్ప పేరెత్తొద్దు."

పెద్దాయనకు నేనే ఈ మాట చెప్పవలసి వచ్చింది. "నేను తీసినానమ్మా. నొక్కింది నా వేలికి గుర్తుండాది. కార్డు చెడిపోయిందేమో. ఇంగ స్టూడియోకు తాళం ఏసుకుంటాలే," అన్నాడు.

అట్లా అనే మనిషి కాదు. రీలు కాలంలో ముప్పై ఆరు ఫోటోల రీలులో ముప్పై ఎనిమిది తీసేవాడు. మా ఇంట్లో చీరల అట్టపెట్టెలో ఆయన తీసినవి రెండు వందల పద్నాలుగు ఉన్నాయి. ప్రతిదాని వెనకా తేదీ, వారం, తిథి, సందర్భం నేనే రాసిపెట్టాను. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, అలవాటు పోలేదు. తేదీల విషయంలో మా ఇంట్లో ఎవరికి అనుమానమొచ్చినా నన్నే అడుగుతారు.

ఆ వారమంతా నేను ఆయనకు రోజూ ఫోన్ చేసి ఒకే మాట చెప్పాను. "పెళ్లి జరిగింది ఇరవై ఒకటో తేదీ, శ్రావణ బహుళ విదియ, బుధవారం. ఇరవై ఒకటో తేదీ ఫోల్డరులో చూడప్పా. ఇంకెక్కడా వెతకొద్దు, ఊరికే టైము దండగ."

ఆయన నా మాట ప్రకారం అదే ఫోల్డరులో వెతికాడు.

ఆల్బంకు ఫోటోలు ఏరడానికి ఒక ఆదివారం ఉదయం ముగ్గురినీ ప్రొద్దుటూరులో కూర్చోబెట్టాను. బంగారం అంగళ్ల వీధిలో మేడమీద ఉంది ప్రొద్దుటూరాయన స్టూడియో. మొత్తం ఫోటోలు ప్రొద్దుటూరాయనవి 2,846, పులివెందుల ఆయనవి 3,905, పెద్దాయనవి 611. కలిపితే 7,362. ఆల్బంలో పట్టేవి నూట అరవై. నేను గీతల నోటుపుస్తకం తీసుకుపోయాను. వాళ్లు ముగ్గురూ మూడు రకాల సాఫ్ట్‌వేర్లు తెచ్చారు. ఏరడం మొదలుకాకముందే ఏది గొప్పదన్న వాదన మొదలైంది.

ప్రొద్దుటూరాయనది అన్ని ఫోటోలనూ ఒకే జాబితాలోకి లాక్కునే సాఫ్ట్‌వేరు. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు వేస్తాడు. రంగు మార్చినా, అంచులు కత్తిరించినా అసలు ఫోటో చెక్కుచెదరదట. మార్పులన్నీ పక్కన వేరే రాసి పెట్టుకుంటుందట. ఇది నాకు నచ్చింది. పిల్లల పేపర్లు నేను దిద్దిన పద్ధతీ అదే: ఎర్ర సిరా నాది, కింద వాళ్లు రాసింది వాళ్లదే. కాకపోతే ఆయన ధ్యాసంతా నగల మీద ఉంటుంది. పెళ్లికూతురి హారం మీద పావుగంట పనిచేసి, "చూడండి మేడం, ఎట్ల మెరుస్తాందో," అన్నాడు. మెరుస్తోంది. పిల్ల ముఖమే మసకగా ఉంది.

పులివెందుల ఆయనది ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేరు. ఎవరి ఫోటోలు వాళ్ల కింద అదే చేరుస్తుంది. "అవ్వా, నువ్వు దీంట్లో ఇద్దరుగా ఉండావు," అన్నాడు. చూస్తే నిజమే. ఎదురుగా తీసినవన్నీ ఒక ముసలమ్మ కింద, పక్కనుంచి తీసినవన్నీ ఇంకో ముసలమ్మ కింద చేర్చింది. మా తమ్ముడినీ అతని వియ్యంకుడినీ మాత్రం మీసాలు చూసి ఒకే మనిషిగా కట్టేసింది. రంగులకు ఆయన దగ్గర తయారుగా ఉన్న అచ్చులున్నాయి. ఒక్కటి నొక్కితే మూడు వేల తొమ్మిది వందల ఐదు ఫోటోలూ ఒకేసారి సాయంకాలపు ఎండలోకి పోతాయి. మా మరదలి చిలకాకుపచ్చ చీర ఎండుటాకు రంగుకు తిరిగింది.

పెద్దాయనది ఎప్పుడో కంప్యూటరుతో పాటు ఉచితంగా వచ్చినది. దాన్నిప్పుడు ఎవరూ తయారుచేయడం లేదు. అది చేసే పని ఒకటే. కార్డు పెట్టగానే ఫోటోలను తేదీలవారీగా ఫోల్డర్లలో సర్దుతుంది. మొటిమలూ మచ్చలూ ఆయనే ముఖం పెద్దది చేసుకుని చేత్తో తుడుస్తాడు, ఒకప్పుడు నెగెటివ్ మీద పెన్సిలుతో దిద్దినట్టే.

"మామా, చేసినోళ్లే దాన్ని వదిలేసినారు. నువ్వింకా పట్టుకోనుండావు," అన్నాడు పులివెందుల ఆయన.

"వాళ్లు వదిలేసినారు గాబట్టే నెమ్మదిగా ఉండాది. నీది పొద్దున లేస్తే అప్‌డేట్ అంటాది."

"నాది ముఖం జూసి మనిషిని పట్టుకుంటాది."

"పట్టుకుంటాది లే. పిల్ల నాయన్నీ పిల్లోని నాయన్నీ ఒకే మనిషిని చేసింది. ఇంగ పెండ్లి ఎవురికి ఎవురితో చేసినట్ల?"

ప్రొద్దుటూరాయన నవ్వి, "నా జాబితాలో ఉంటే ఏ ఫోటో అయినా యాడికీ పోదు పెద్దాయనా," అన్నాడు. ఆ మాటతో పెద్దాయన నవ్వు ఆగిపోయింది. పోయిన ఫోటో సంగతి గదిలో ఉన్న నలుగురికీ ఒకేసారి గుర్తొచ్చింది.

నేను మాట మార్చడానికి ఆయన ఫోటోల నంబర్లు చదవమన్నాను. కెమెరా ప్రతి ఫోటోకూ వరసగా నంబరు వేస్తుంది కదా. ఇరవై ఒకటో తేదీ ఫోల్డరులో మొదటిది 4001, చివరిది 4611. ఆ చివరిది తీసిన సమయం రాత్రి 11.58. గడియారాల్లో తేడా లేదు. పెళ్లికి ముందే ముగ్గురూ కెమెరాల టైము కలుపుకున్నారు, ఫోటోలు వరసలో రావడానికి.

"దీని తర్వాత నీ కంప్యూటర్లో ఏముందప్పా?"

"ఇరవై ఐదున ఒక సీమంతం. మధ్యలో ఇరవై రెండు పొద్దున వేములలో గృహప్రవేశం తీసినా. పెండ్లి నుంచి మొదటి బస్సుకే పోయినా. అది పోయిన వారం వాళ్లకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేసి నా దాంట్లో తీసేసినా. ఇచ్చినాక ఉంచుకోను, జాగా చాలదు."

"సీమంతం మొదటి నంబరెంత?"

"5190."

నేను నోటుపుస్తకంలో వేశాను. 4612 నుంచి 5189 దాకా ఐదు వందల డెబ్బై ఎనిమిది. "గృహప్రవేశానికి ఐదొందల డెబ్బై ఎనిమిది ఫోటోలు తీసినావా? ఆ ఆవును ఎన్ని పక్కల నుంచి తీసినావు?"

"రెండొందలు గూడా తీసుండనమ్మా!"

అప్పుడు 11.58 అన్న అంకె మళ్లీ చూశాను. నా సంచిలోంచి శుభలేఖ తీశాను. దాని మీద ఉన్నది నేనే అచ్చుకిచ్చిన మాట: బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం, 1.12 నిమిషాలకు. మనకు సూర్యుడు ఉదయించేదాకా బుధవారమే. ఆ సాఫ్ట్‌వేరు పంచాంగం చూడదు. అర్ధరాత్రి పన్నెండు కాగానే తాళినీ తలంబ్రాలనూ ఇరవై రెండో తేదీలో వేసి, పొద్దున తీసిన గృహప్రవేశంతో కలిపేసింది.

"ఆ ఫోల్డరు నువ్వు తెరిచి చూడలేదా?"

"ఫోల్డరు మీద చివరి ఫోటో ఒకటే కనపడతాది, అది ఆవు. సరే గృహప్రవేశమని అట్లనే ఎక్కించి ఇచ్చినా." మెల్లగా అన్నాడు. "మీరు ఇరవై ఒకటి దాటి వెతకొద్దన్నారు గదమ్మా."

అన్నాను. వారం రోజులు, రోజుకొకసారి అన్నాను. పులివెందుల ఆయన ముఖం అటు తిప్పుకుని నవ్వాడు. నేను చూశాను.

మరునాడు పెద్దాయనా నేనూ బస్సులో పులివెందులకు పోయాం. అక్కడ ఆ ఫోటోగ్రాఫరు లాప్‌టాప్‌తో కలిశాడు. ముగ్గురం ఆటోలో వేముల చేరాం. దారి పొడుగునా పెద్దాయన ఒకటే ప్రశ్న. "చెరిపేసుంటారంటారామ్మా?" ముక్కూమొహం తెలియని వాళ్ల పెళ్లి ఫోటోలు ఎవరు దాచుకుంటారు? నేనయితే చెరిపేసేదాన్ని. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

కొత్త ఇంటి గుమ్మానికి మామిడాకులు ఎండిపోయి ఇంకా వేలాడుతున్నాయి. ఇంటావిడ మమ్మల్ని చూస్తూనే, "ఫోటోలాయప్ప వచ్చినాడే!" అని లోపలికి కేకేసింది. తర్వాత నా వైపు తిరిగి, చెంప మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది.

"నువ్వు వాచీ అవ్వవు గదూ?"

నాకు అర్థం కాలేదు.

"పెండ్లి ఫోటోల్లో ఉండావు గదా. టీవీలో రోజూ చూస్తాండాం. మా ఫోటోల ముందర ఆ పెండ్లి ఫోటోలు ఎందుకు పెట్టినాడో అనుకున్యాం. మా ఆయన అన్న్యాడు, నమూనాకు ఇచ్చినాడులే, మనకూ పెండ్లీడు పిల్ల ఉందని తెలుసు గదా అని. శానా బాగుండాయి. మా పిల్ల పెండ్లికి గూడా ఈయప్పనే పిలవాలనుకున్యాం."

పెద్దాయన అరుగు మీద కూలబడి, మంచినీళ్లు అడిగాడు.

పెన్‌డ్రైవ్ టీవీకే తగిలించి ఉంది. లాప్‌టాప్‌లోకి ఎక్కించాం. మావి మూడు వందల ఎనభై ఏడు, వాళ్లవి నూట తొంభై ఒకటి. కలిపితే ఐదు వందల డెబ్బై ఎనిమిది. నోటుపుస్తకంలో కింద రెండు గీతలు గీశాను.

తాళి ఫోటో నంబరు 4702. అంతమంది జనంలో ఎవరి చెయ్యీ అడ్డం రాని ఒక్క క్షణంలో నొక్కాడు. పిల్ల తల వంచుకుని ఉన్నా పెదవి కొసన నవ్వు ఆపుకుంటున్నట్టు తెలుస్తోంది. అక్షింతలు గాలిలోనే ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్లందరూ తాళి వైపు చూస్తున్నారు. నేనొక్కదాన్నే నా వాచీ వైపు చూస్తున్నాను.

ఎందుకు చూస్తున్నానో చెప్పాలి. పెళ్లి చేయిస్తున్న అయ్యవారు ముహూర్తం టైము నన్నే చూడమన్నారు. నేను "ఇప్పుడు" అన్నాకే మేళం గట్టిగా మోగింది. నోటుపుస్తకంలో 1.12 అని రాసుకున్నాను కూడా.

పులివెందుల ఆయన ఫోటో వివరాలు తెరిచాడు. "1.14 అంటాంది."

"నీ కెమెరా గడియారం రెండు నిమిషాలు ముందుందప్పా," అన్నాను పెద్దాయనతో.

"ముగ్గురం కలుపుకున్న్యాం గదమ్మా." ఆయన నా చేతి వైపు చూశాడు. నేనూ చూశాను. తర్వాత ముగ్గురి ఫోన్లూ చూశాం. మూడూ ఒకే టైము చూపిస్తున్నాయి. నా వాచీ రెండు నిమిషాలు వెనక ఉంది.

ఇంటావిడ కాఫీ తెచ్చింది.

"ఈ రెండు నిమిషాల సంగతి మా తమ్ముడికి..." అన్నాను.

"నేనేమీ చూళ్లేదమ్మా," అన్నాడు పెద్దాయన. "నాకు ఆవే కనపడింది."

ఆ సాయంత్రమే పులివెందులలో మా తమ్ముడికి 4702 చూపించాను. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఇది మాత్రం ఆయప్పే తీయాలక్కా," అన్నాడు. మాఘంలో పెళ్లికి పెద్దాయన్ని తనే ఫోన్ చేసి పిలిచాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడట, ఫోటోలు ఆ ప్రొద్దుటూరాయన జాబితాలో కూడా ఒకసారి ఎక్కించాలని. పెద్దాయన ఒప్పుకుని, తనూ ఒక షరతు పెట్టాడట. ముహూర్తం టైము ఎవరైనా ఫోన్లో చూసి చెప్పాలని.

"అదేం షరతక్కా, ఆయప్పకు టైముతో ఏం పని?" అని మా తమ్ముడు నన్ను అడిగాడు.

పెద్దవాళ్లకు ఏవో పట్టింపులుంటాయిలే అన్నాను. నోటుపుస్తకంలో పెళ్లి పుటలో తేదీని ఎర్ర సిరాతో దిద్దాను: 21 బుధవారం రాత్రి, సాఫ్ట్‌వేరు లెక్కకు 22. కింద 1.12 అన్న అంకెను మాత్రం నెల రోజులు అట్లాగే వదిలేశాను. చివరికి దాని పక్కన, అసలు రాత చెక్కుచెదరకుండా, చిన్నగా 1.14 వేశాను.