పేరు చిరిగిన నోటు

డెబ్బైల చివర్లో, పెళ్లయిన కొత్తలోనే నాకు ఎమ్మిగనూరులో టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఆయన ఆదోనిలో పత్తి మిల్లు గుమాస్తా. రోజూ బస్సులో పోయి వచ్చేవారు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త. ఆయనకు మాటలు తక్కువ. కూర బాగుందని కూడా తలూపి చెప్పే మనిషి.

ఆయనకున్న ఒకే పిచ్చి దక్షిణ అమెరికా నోట్లు. మిల్లులో ఆయనతో పనిచేసే సాయిబు తమ్ముడు సరుకు ఓడల్లో తిరిగేవాడు. ఆ దేశాల రేవుల్లో ఖర్చుకాక మిగిలిన నోట్లను అన్నకు ఇస్తే, అన్న మా ఆయనకు ఇచ్చేవాడు. బ్రెజిల్‌వి ఒక పక్క, చిలీవి ఒక పక్క, అన్నీ ఫోటో ఆల్బమ్‌లో పెట్టుకునేవారు.

ఒక శనివారం కొత్త నోటు వచ్చింది. మరుసటి రోజు తీరిగ్గా చూద్దామని జేబులోనే ఉంచి మరిచిపోయారు. తెల్లారి అత్త ఆ చొక్కాను నానబెట్టి బండమీద బాదింది.

"అయ్యో, జేబులో ఏందో ఉండాదే!" అని అరిచింది.

నోటు కుడివైపు సగం ముద్దైపోయింది. మిగిలిన సగంలో 'బాంకో సెంట్రల్ డె' అన్న అక్షరాలు, చిన్న రాజముద్ర. దేశం పేరు పోయింది.

"సూసుకోలేదు నాయనా," అంది అత్త.

"పోనీలేమ్మా," అన్నారు కానీ, ఆ పూట మారు అన్నం పెట్టించుకోలేదు. అత్త ఆ సగాన్ని ఇత్తడి బిందె పొట్టకు అతికించి ఎండలో పెట్టింది. ముడత లేకుండా ఎండింది.

ముద్రలో ఒక జంతువు, ఒక చెట్టు కనబడుతున్నాయి. "బొలీవియాదే అయ్యుంటాది," అన్నారాయన. "ఆదోని లైబ్రరీలో అన్ని దేశాల ముద్రలుండే పుస్తకముంది, పోయి చూద్దామా?" అన్నాను. ఆశ్చర్యంగా చూసి చెప్పులేసుకున్నారు.

పుస్తకంలో బొలీవియా ముద్రలోనూ జంతువుంది, చెట్టుంది. "నేను సెప్పలా?" అన్నారు. నేను లైబ్రరీలోని భూతద్దం అడిగి తీసుకుని నోటు మీద పెట్టి చూశాను.

"ఆ ముద్రలో కొండ ఉండాది, మన నోట్లో యాడుంది? ఈడ కింద కొమ్ముంది సూడండి. దాంట్లోంచి ఏవో రాల్తాండాయి."

ఆయన చాలాసేపు చూసి, పేజీలు తిప్పారు. పెరూ ముద్ర దొరికింది. జంతువు, చెట్టు, బంగారు నాణేలు రాల్చే కొమ్ము. "నీ కండ్లు మేలు," అన్నారు. ఆయన నోట నేను విన్న మొదటి మెచ్చుకోలు అదే.

ఆ చెట్టు బెరడు నుంచే క్వినైన్ తీస్తారని పుస్తకంలో ఉంది. తిరుగు బస్సులో ఆయన ఎమ్మిగనూరు వచ్చేదాకా దాని గురించే చెప్పారు. చలిజ్వరం వస్తే వాళ్లమ్మ ముక్కు పట్టుకుని ఆ చేదు మందు తాగించేదట, ఆయన పశువుల కొట్టంలో దాక్కునేవారట.

గడపలోనే అత్త అడిగింది: "తెలిసిందా? ఆ దేశం పేరేందిరా?"

"పెరూ."

"అదేరా, పేరే అడుగుతాండా!"

"పెరూనే అమ్మా!"

"నోటు పాడుచేసినానని ఎగతాళి చేస్తాండావా?"

ఆయన గోడకానుకుని పగలబడి నవ్వారు. నేను విడమర్చి చెప్పాక అత్త కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు ఆదోని పోయినాము. లైబ్రరీ పని కాగానే బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ తినేవాళ్లం. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి, ఆయన మాట్లాడుతూనే ఉండేవారు.