ఆరు కిలోమీటర్ల నది

పోయినవన్నీ ముందు రాస్తాను. బొమ్మ ఎరలు మూడు, తాడుతో సహా లంగరు ఒకటి, నా టోపీ ఒకటి, నా భార్య సెలవు ఐదు రోజులు. పడిన చేపలు సున్నా. ఇందులో గాలి తప్పు టోపీ ఒక్కటే.

నా భార్య వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తుంది. ఈ దేశంలో వేసవి డిసెంబరు, జనవరి నెలల్లో. అప్పుడు ఆమెకు దొరికేది ఒక్క వారం. చిన్నప్పుడు కాలువలో గాలం వేసిన మనిషి. ఇక్కడి నదుల్లో బాస్ అనే చేప ఉంటుందనీ, జనవరి సాయంత్రాల్లో కొమ్మల నుంచి రాలే సికాడా పురుగుల కోసం పైకి వస్తుందనీ విన్న దగ్గర్నుంచి అలాంటి నదిలోకి వెళ్ళాలని ఆమె కోరిక. అందుకోసం ఎనిమిది ఆదివారాలు చెరువులో కయాక్ అనే చిన్న తెడ్డు పడవ నడపడం నేర్చుకుంది. పట్టిన చేపను కొలిచి వదిలేయాలని తెలిసినప్పుడు మాత్రం "మరి పులుసు?" అంది.

ప్రయాణం వేసింది ఎడ్మండ్‌సన్ పార్కు అనే మా పేటలో, వెనక వీధిలో ఉండే వరంగల్ తమ్ముడు. ఒక రోజు నది, మిగతా రోజులు ఆనకట్ట వెనక సరస్సు. నదిలో దిగే చోటు నుంచి ఒడ్డెక్కే చోటికి ఆరు కిలోమీటర్లన్నాడు. లెక్క చూడకుండా ఎవరి మాటా తీసుకునే అలవాటు నాకు లేదు. మూడు వేర్వేరు రోజుల్లో మూడు రకాలుగా అడిగాను. మూడుసార్లూ ఆరే అన్నాడు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. నిజంగా వెళ్ళొచ్చినవాడు ఒక్కసారైనా ఆరున్నర అంటాడు.

పైగా అతను పంపే ఫోటోల్లో చేప వెనక ఒడ్డు కనిపించదు, కత్తిరించి పంపుతాడు. ఒక చేప నలభై అయిదు సెంటీమీటర్లన్నాడు. దాని నోట్లో ఉన్న ఎరలాంటిదే నా దగ్గరా ఉంది, అయిదు సెంటీమీటర్లు. ఫోటోలో చేప ఎరకు ఏడింతలుంది. అంటే ముప్పై అయిదు. చేపను పది పెంచినవాడు నదిని ఎంత తగ్గిస్తాడు?

ఆఫీసులో మ్యాపును పెద్ద కాగితం మీద ప్రింటు తీశాను. నది వంపులన్నిటి మీదా కుట్టుదారం పరిచి, ఆ దారాన్ని స్కేలు పక్కన పెట్టాను. పదిహేడు సెంటీమీటర్లు. సెంటీమీటరుకు అర కిలోమీటరని మ్యాపు కింద రాసి ఉంది. ఎనిమిదిన్నర! ఎర వేసుకుంటూ పోతే గంటకు ఒకటిన్నర కిలోమీటరు సాగుతుంది. మూడింటికి దిగితే ఒడ్డు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటుతుంది, చీకటి. ఆ చీకట్లో, రాళ్ళ మధ్య ఆమె పడవ.

దారం తీసుకెళ్ళి అతని ముందు పెట్టాను. అతను దాన్ని ముట్టుకోలేదు.

"చేప సంగతి అబద్ధమే అన్నా," అన్నాడు. "నది సంగతి గాదు. నేను మూడుసార్లు పోయిన."

"దారం అబద్ధం చెప్పదు కదా తమ్ముడూ."

"అయితే దారంతోనే పో."

నది మానేశాం. అతను రాలేదు. మేమిద్దరమే సరస్సుకు వెళ్ళాం. ఐదు రోజులూ వడగాలి. బోడి ఒడ్లను చూసి ఆమె అన్నది ఒక్కటే మాట, ఇక్కడ కొమ్మే లేదు, పురుగు ఎక్కడ నుంచి రాలుతుందని.

మార్చిలో ఆమె బియ్యం పెట్టే అల్మారాలో పరచడానికి ఆ మ్యాపు తీసింది. అల్మారా అరలు కొలిచే టేపు చేతిలో ఉంది.

"ఏవండీ, ఈ మూలనున్న గీత పక్కన ఒక కిలోమీటరని ఉంది. మీ లెక్కన రెండు సెంటీమీటర్లుండాలిగా? రెండు మీద ఎనిమిది గీతలుందే."

చిన్న కాగితం కోసం గీసిన మ్యాపది. పెద్ద కాగితం మీద నది పెరిగింది, గీత పెరిగింది, కింద రాసిన అంకె మాత్రం పెరగలేదు. పదిహేడును రెండు పాయింట్ ఎనిమిదితో భాగించాను. ఆరు, పైన పిసరంత.

వెళ్ళి అతనికి చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత పంపిన ఫోటోలో ఒడ్డు ఉంది, చెట్లూ ఉన్నాయి. చేప ముప్పై ఎనిమిదని రాశాడు. ఎరతో కొలిచి చూశాను. ముప్పై ఎనిమిదే.

మరుసటి వేసవి ఆమె సెలవు వారంలో నదికి వరద వచ్చింది. ఈ వేసవి సెలవే దొరకలేదు. ఆమె నది సంగతి అడగదు. ఎందుకు అడగదోనని నాకు అదో అనుమానం. నేను ఆమెకు బాకీ ఉన్నది మాత్రం ఎనిమిదిన్నర కాదు, ఆరు కిలోమీటర్లు.