ముగ్గుపిండి తేల్చిన ఇంజన్ ఆయిల్

తొంభైల చివర్లో సింథటిక్ ఆయిల్ అనే మాట మా మరిది వెంట మా ఇంట్లోకి వచ్చింది. కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెత అతన్ని చూసే పుట్టి ఉంటుంది. మెరిసే డబ్బా పట్టుకుని అశోక్‌నగర్‌లో మా ఇంటికొచ్చి, "వదినా, ఇది పోస్తే మీ ముసలి అంబాసిడర్ పరుగులు పెడుతుంది" అన్నాడు. మా ఆయన మురిసిపోయి ఆ రోజే పోయించారు.

అబద్ధమెందుకు, కొన్నాళ్లు ఇంజన్ నిజంగానే మెత్తగా నడిచింది. ఆ తర్వాత మొదలైంది కారడం. అంతకుముందు ఎప్పుడో ఒక చుక్క పడేది. ఇప్పుడు పొద్దున్నే వాకిలి కడగబోతే బండి కింద నల్లటి మడుగు. నారాయణగూడ మెకానిక్ చూసి, "ఇంజన్ విప్పాలె మేడం, ఆయిల్ ఆపే సీళ్లన్నీ మార్చాలె" అన్నాడు. అంత అవస్థ కన్నా అమ్మేయడం నయమని మా ఆయన ఆదివారం రమ్మని కవాడిగూడలో పాత కార్లు కొనే ఒక బేరగాడికి కబురు పెట్టేశారు.

నాకు ఒళ్లు మండింది. అంబర్‌పేటలో నేను పాఠాలు చెప్పే బడికి ఆ కారులోనే వెళ్లేదాన్ని. అది పోతే మళ్లీ చిక్కడపల్లి బస్టాపు, చీర కుచ్చిళ్లు పట్టుకుని ఫుట్‌బోర్డు మీద వేలాడడం. నలభై దాటాక పట్టుబట్టి నేర్చుకున్న డ్రైవింగు, డబ్బాడు నూనె కోసం వదులుకుంటానా?

"నూనె మారాకే కారుతోంది. పాతదే పోయించండి" అన్నాను.

"మంచి ఆయిల్ ఎక్కడైనా కారుతుందా వదినా? అవి పాత మరకలు. మీరు వాకిలి సరిగ్గా కడగట్లేదు" అన్నాడు మరిది.

నా వాకిలికే వంక! ఆ సాయంత్రం వాకిలి రుద్ది కడిగి, ఆరాక ఇంజన్ కింద ముగ్గుపిండి దట్టంగా పరిచాను. తెల్లవారగానే కాఫీ కూడా ఇవ్వకుండా అన్నదమ్ములిద్దరినీ అక్కడికి లాక్కొచ్చాను. తెల్లటి పిండి మీద తారు ఒలికినట్టుంది. "ఇదీ పాత మరకేనా?" అన్నాను.

మూత వదులైన సీసాలోంచి కొబ్బరినూనె కారినంతగా ఆముదం కారదు. ఆ కొత్త ఆయిల్ పల్చన, పాతబడ్డ సీళ్లకీ అదే లెక్క అనుకున్నాను. నేరుగా మెకానిక్ దగ్గరికి పోయి, చిక్కటి మామూలు ఆయిల్ పొయ్యమన్నాను.

"సింథటిక్ తీసి మామూలుదా? ఎవ్వరు చెయ్యరు మేడం" అన్నాడు.

"నేను చేయిస్తున్నాను కదా, పొయ్యి బాబూ."

మర్నాడు మళ్లీ పిండి పరిచి చూస్తే రెండే చుక్కలు. నాకు గంతులేయాలనిపించింది.

ఆదివారం బేరగాడు వచ్చి బానెట్ ఎత్తాడు, వంగి కింద చూశాడు. "ఏంది సార్, ఇంత పాత బండికి కారుడే లేదు. ఎందుకు అమ్ముతున్నరు?" అన్నాడు. మా ఆయన నా వంక చూశారు. నేను తాళంచెవి తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాను.

"అమ్మట్లేదన్నా. ఎక్కండి, కవాడిగూడలో దింపి వస్తాను."