ఖాళీ చేసిన ఉత్తరం

గల్ఫ్‌లో, అల్ ఖువైర్‌లోని మా కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసుకు కంప్యూటర్ వచ్చిన కొత్తలో, దాని ముందు కూర్చునే అర్హత నాకొక్కడికే ఉండేది. ఆ గర్వం కాస్త ఎక్కువగానే ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. గురువారం మాకు సగం రోజే డ్యూటీ. అందరూ వెళ్ళిపోయాక, రుస్తాఖ్ సైట్ నుంచి కంపెనీ బండిలో కరీంనగర్ వైపు మేస్త్రీ ఒకాయన వచ్చి నా పక్కన కూర్చునేవాడు. ఆయనకు చదువు రాదు. ఆయన చెబుతుంటే, ఊళ్ళో ఉన్న భార్యకు నేను ఉత్తరం రాసిపెట్టేవాణ్ణి.

చేత్తో రాస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. మిషన్ అక్షరాల ఉత్తరం వస్తే ఊళ్ళో ఆమెకు మర్యాదట. కంప్యూటర్‌కేమో తెలుగు రాదు. అందుకని తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాణ్ణి. ఆమెకూ చదువు రాదు కాబట్టి అక్కడ బడి పంతులు చదివి వినిపించేవాడు. ఆలుమగల మధ్య మేమిద్దరం, పెళ్ళి పెద్దల్లాగా.

ఫైలుకు ఆమె పేరే పెట్టమన్నాడు. ప్రింటరు ఉన్న మేనేజర్ గది శనివారం గానీ తెరిచేవారు కాదు. అప్పుడు ప్రింటు తీసి, ఫైలు ఖాళీ చేసేవాణ్ణి. ఒకరి సంసారం సంగతులు ఆఫీసు మిషన్‌లో ఉండకూడదు కదా. టైప్ నల్ అని కొట్టి, బాణం గుర్తు పెట్టి, ఫైలు పేరు కొడితే చాలు. లోపలి మాటలన్నీ పోయి పేరు మాత్రం మిగులుతుంది, పక్కన ఒక సున్నాతో. మళ్ళీ గురువారం అందులోనే కొత్త ఉత్తరం.

ఒక గురువారం ఆయన మొహం మాడ్చుకుని వచ్చాడు. సెలవు నుంచి తిరిగొచ్చినవాడెవడో చెప్పాడట, ఆమె మళ్ళీ బీడీలు చుడుతోందని. ఆమె ఆ పని మానాలనీ, పొగాకు దుమ్ముకు పట్టుకున్న దగ్గు తగ్గాలనీ ఈయన ఇంత దూరం వచ్చాడు. నా కష్టం నీకు చాల్లేదా అని మొదలుపెట్టాడు. ఇక నాకు ఉత్తరాలు రాయించకు, రెండేళ్ళదాకా నీ మొహం చూడను అన్నాడు. ఇంకా చాలా అన్నాడు, అవి ఇక్కడ రాయను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని చెప్పి చూశాను. చెప్పింది కొట్టమన్నాడు. కొట్టాను.

ఆయన వెళ్ళాక ఆ మాటలు మళ్ళీ చదివాను. వాటిని పంతులు నోటి వెంట, నలుగురూ వింటుండగా ఆమె వినాలి. తగుదునమ్మా అని, ఫైలు ఖాళీ చేసే ఆ కమాండ్ కొట్టేశాను.

శనివారం పొద్దున్నే, రుస్తాఖ్ బండి ఎక్కేముందు ఆయన కాగితం కోసం వచ్చాడు. నేరం కంప్యూటర్ మీదికి నెట్టేస్తే నమ్మేవాడే. కానీ అబద్ధమాడటానికి నోరు రాలేదు. నేనే తీసేశానని చెప్పి, స్క్రీన్ మీద ఆ పేరూ పక్కన సున్నా చూపించాను.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"నాకు రాయరాకనే నీ కాడికొచ్చిన సారూ. మా ఆలుమొగల నడుమ నువ్వెందుకు సొచ్చినవ్?"

నా జాలి నాది, ఆ సంసారం వాళ్ళది. మొన్నటి మాటలే అయినా సరే, ఈసారి ఒక్కటి వదలకుండా కొడతాను, పంపుతాను, చెప్పమన్నాను. కింద బండి హారన్ కొడుతోంది. ఆయన కుర్చీలో కూర్చుని స్క్రీన్ మీది ఆ పేరు వంక చూశాడు.

"రాయి సారూ," అన్నాడు చివరికి. "బీడీలు చేస్తే చెయ్యి గని, తంబాకు కాడ కూసున్నప్పుడు ముక్కుకు బట్ట కట్టుకో. సిమెంటు కాడ మేం గట్లనే కట్టుకుంటం."

కొట్టాను. ఇంకేమైనా రాయాలా అని అడిగాను.

"గంతే," అన్నాడు. "ఇదైతే తియ్యకు సారూ."